జీతం లేని జీతగాడు

మా నాయిన జీతగాడు. కోస్తా మిత్రులు దీన్ని పాలేరు అని చదువుకోవచ్చు. మా జనగామ దిక్కు 'జీతం ఉండుడు' అంటే ఉగాది నుంచి ఉగాది దాకా ఒక మనిషి తన ఒంటిని ఒక ఇంటికి అప్పజెప్పుడు. కోడి కూయకముందే కొట్టంల పెండ తీయాలె. పొద్దంత నాగలి. రాత్రి బాయికాడ పండుకోవాలె. దానికి ఏడాదికి ఇన్ని వడ్లు, ఇన్ని పైసలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఆ చెప్పులు కుట్టేది మళ్లా మా తాతే.

నేను సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసిన. 2014 నుంచి 2018 దాకా నాలుగేళ్లు, మూడు సినిమాలు. ఇప్పుడు సర్కారు బడిలో లెక్కల టీచర్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని. బడిలో చెప్పే భాష, ఇంట్ల మాట్లాడే భాష రెండూ నావే కాబట్టి ఇందులో రెండూ కలిసే ఉంటయి.

ఇటువంటి పుస్తకంలో వాడ గురించి, ఊరబాయి గురించి, బడిలో వెనక బెంచీ గురించి రాయాలె గదా, సినిమా సంగతులు ఎందుకని ఎవరన్నా అడగొచ్చు. వెట్టి పోయిందని మనం అనుకుంటున్నం. అది ఊరు విడిచి పట్నం వచ్చింది. ఏసీ గదిల కూసుంది. పేరు మార్చుకుంది. దాని కొత్త పేరు 'అవకాశం'.

బి.ఇడి. అయినంక డీఎస్సీ కోచింగ్ కోసమని అశోక్‌నగర్ వచ్చిన. ఒక్క గదిల ఐదుగురం. పొద్దున చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, పొద్దుగూకితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. నడిచేంత దూరంల సంధ్య, సుదర్శన్, దేవి. కటౌట్లకు పాలు పోసే గుంపును చూసుకుంట నేను వేరే కల కన్న. మా వాడ కథ ఆ తెర మీద పడాలె అని. రెండు నోట్‌బుక్కుల నిండ సీన్లు రాసుకున్న. తెలిసిన ఒకాయన బషీర్‌బాగ్‌ల ఒక అపార్ట్‌మెంట్‌కు తీసుకపోయిండు. అక్కడ ఒక కంపెనీ ఆఫీసు. కథా చర్చలు నడుస్తున్నయి.

డైరెక్టరుగారు నా నోట్‌బుక్కు నాలుగు పేజీలు తిప్పి, 'బాగా రాశారే. మీదే ఊరు?' అన్నాడు. చెప్పిన. 'ఇంటిపేరు?' చెప్పిన. దాంతో తేలలేదు. 'మీరేమిట్లు?' అన్నాడు. ఆ మాట నాకు తెల్వదు. పక్కనున్న కో-డైరెక్టరు 'కులం అడుగుతున్నారు' అని విడమర్చిండు. చెప్పిన. గదిల ఎవరూ ఏమనలేదు. మొహం కూడా ఎవరూ మార్చుకోలేదు. డైరెక్టరుగారు నోట్‌బుక్కు మూసి, 'సరే, రేపట్నుంచి రా. పని నేర్చుకో' అన్నాడు. ఒక్క జవాబుతోటి 'రాశారు' పోయి 'రా' వచ్చింది. అయినా నేను సంబరపడ్డ. ఆ సంబరమే వాళ్ల పెట్టుబడి.

అసిస్టెంట్ డైరెక్టర్ అంటే డైరెక్టర్ పక్కన కుర్చీల కూసుంటడని మా ఊళ్లె అనుకుంటరు. ఆ పనేందో చెప్త. సీన్ పేపర్లు కాపీలు రాయాలె. క్లాప్ కొట్టాలె. కంటిన్యూటీ పుస్తకం రాయాలె. హీరో పోయిన షాట్ల చెయ్యి మడిచిండా లేదా, గాజు పగిలిందా లేదా, ఎన్నో టేకు ఓకే అయింది, అంత అందుల ఉండాలె. తప్పు పోతే రీషూట్, లక్షల నష్టం, తిట్లు మనకు. ఆర్టిస్టులకు డైలాగ్ ప్రాంప్టింగ్ చెప్పాలె. మూడొందల మంది జూనియర్ ఆర్టిస్టులను ఎండల నిలబెట్టాలె, వాళ్ల తిట్లు తినాలె. ప్యాకప్ అయినంక రేపటి సీన్‌కు కావల్సిన బట్టలు, సామాన్ల లిస్టు రాయాలె. షూటింగ్ అయిపోయినంక ఎడిటింగ్ రూముల, డబ్బింగ్ థియేటర్ల నెలలకు నెలలు. ఇంత పని చేసేటోణ్ని 'నేర్చుకునేవాడు' అంటరు. నేర్చుకునేటోడు తప్పిపోతే సినిమా ఆగదు. కంటిన్యూటీ రాసేటోడు తప్పిపోతే ఆగుతది. తేడా ఇంతే.

ఏడాది గడిచింది. జీతం మాట వాళ్లెత్తలే, నేనెత్తలే. షూటింగ్ ఉన్న నాడు తిండి, ఒక్కోనాడు ఆటో చార్జీ. లేని నాడు అదీ లేదు. ఆ ఏడాది మా నాయిన కండ్లు చూపిచ్చుకునేందుకు పట్నం వచ్చి, నేను పనిచేసే తావు చూస్తనన్నడు. ఆఫీసు పైకి తీసుకపోవుటానికి నాకు మొగం చెల్లలే. కిందికి దిగొచ్చి బషీర్‌బాగ్ చౌరస్తాల జగ్జీవన్‌రామ్ విగ్రహం దగ్గర నిలబడ్డం.

'జీతం ఎంత మాట్లాడినవ్ బిడ్డా?'

'ఇంక మాట్లాడలే నాయినా.'

'పనిల జేరి ఎన్నొద్దులాయె?'

'ఏడాది.'

'నడుమ పెద్దమనిషి ఎవలన్న ఉన్నడా?'

'లేడు.'

కొద్దిసేపు ఏమనలేదు. తర్వాత అన్నడు: 'నేను సదువురానోణ్ని. దొరోళ్ల కాడ గూడ జీతం మాట్లాడకుండ ఒక్కపొద్దు పని జెయ్యలే.' రొండిన ముడి ఇప్పి ఐదొందల కాగితం నా చేతిల పెట్టిండు. అది కండ్ల అద్దాలకు తెచ్చుకున్న పైస.

ఆ విగ్రహం కింద నిలబడి ఆ మాట విన్ననాడు అది ఎవరి విగ్రహమో తెలుసు గానీ ఆయన చేసిన పనేందో తెల్వదు. తర్వాత పోటీ పరీక్షలకు చదువుతుంటే తెలిసింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక వ్యవహారాలు చూసింది అంబేద్కర్. 1946 మధ్యంతర ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయింది జగ్జీవన్‌రామ్. ఆయన మంత్రిగా ఉండగానే 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. తోలు పని కులంలో పుట్టిన మనిషి ఈ దేశపు కూలీలకు 'ఇంతకంటే తక్కువ ఇయ్యరాదు' అనే గీత గీయించిండు. ఆయన విగ్రహం ముందటి నుంచి, తోలు పని కులంలనే పుట్టిన నేను, ఏడాది పొడుగునా ఏమీ తీసుకోకుండ పనికి పోయి వచ్చిన. దీని మించిన సిగ్గు నాకు లేదు. కానీ ఆ సిగ్గు నాది కాదని తెలుసుకునేసరికి నాలుగేళ్లు పట్టింది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు మనిషి చేత పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయే. కొరడా చూపెట్టనక్కర లేదు. ఆకలి, గతిలేనితనం కూడా బలవంతమే అన్నది. ఇక సినిమా సంగతి. సినీ కార్మికుల చట్టం 1981లోనే వచ్చింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీ కార్మికుణ్ని పనిలో పెట్టుకోరాదని ఆ చట్టం మూడో సెక్షన్ చెప్పింది. ఆ చట్టం పుట్టేనాటికి నేను పుట్టలేదు. నాలుగేళ్ల పనిలో అటువంటి ఒప్పందం కాగితం ఒక్కటి కూడా నా కంట పడలేదు. ఇప్పుడు ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది, కనీస వేతనాల చట్టం వేతనాల కోడ్‌లో కలిసింది. రెండు కోడ్‌లూ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్త కోడ్ సినిమా పనివాణ్ని 'ఆడియో విజువల్ వర్కర్' అంటది. వానికీ రాతపూర్వక ఒప్పందం ఉండాలనే అంటది. పేరు ఇంగ్లీషుల మారినా కాగితం పుట్టుడే అసలు సంగతి.

ఈ మాట అంటే నాకు మూడు జవాబులు వస్తయి. మూడూ చాలాసార్లు విన్న.

మొదటిది: నేర్చుకునేవాడికి జీతమేంది? ఐటీఐ చదివి ఫ్యాక్టరీల పని నేర్చుకునే పిల్లగానికి 1961 అప్రెంటిస్ చట్టం స్టైపెండ్ ఇయ్యాలంటది. దవాఖానల పని నేర్చుకునే హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఉంటది. అమెరికాల దర్శకుల గిల్డ్‌ల సహాయ దర్శకులు కూడా సభ్యులే. వాళ్ల కనీస వేతనం, పని గంటలు, టైటిల్ పేరు ఒప్పందంల రాసి ఉంటయి. అక్కడ ఎవరూ నేర్చుకుంటలేరా? మన దగ్గర మాత్రం గురుశిష్య సంబంధం గుర్తొస్తది. ఏకలవ్యునికి చదువు చెప్పకుండనే బొటనవేలు అడిగిన గురువుల వారసులు, జీతం అడిగితే 'గురుద్రోహం' అనక ఏమంటరు?

రెండోది: చిన్న సినిమా, డబ్బులు లేవు. కెమెరా కిరాయి ఆగదు. జనరేటర్ల డీజిల్ అప్పు పొయ్యరు. కేటరింగ్ వానికి 'నువ్వు వంట నేర్చుకుంటున్నవ్' అని ఎవరూ చెప్పరు. అన్నిటికీ డబ్బులు ఉన్నంక, ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికే సినిమా చిన్నదైపోతది.

మూడోది: ఎవరూ బలవంతం చెయ్యలే, ఇష్టంతో వచ్చారు. ఇష్టంతోనే వచ్చినం. నేను పాఠం కూడా ఇష్టంతోనే చెప్త. అందుకని సర్కారు నా జీతం ఆపితే ఊకుంటనా? పనిని ప్రేమించేటోనికి కూలి అక్కర లేదనుడు ఎవరి తర్కమో మన తాతలకు బాగ తెలుసు.

ఇక్కడ కులం ఎక్కడుందని అడగొద్దు. లెక్కల టీచర్ని, లెక్క చెప్త. నాలుగేళ్లు జీతం లేకుండ హైదరాబాద్‌ల ఎవరు బతకగలరు? పట్నంల సొంతిల్లు ఉన్నోడు, ఊళ్లె భూమి ఉన్నోడు, సినిమాల పెదనాయిన ఉన్నోడు. మిగిలినోడు అశోక్‌నగర్ గదిల కిరాయి బాకీ పడి, నారాయణగూడల ట్యూషన్లు చెప్పుకుని, ఒకనాడు మూట సర్దుకుంటడు. రిజర్వేషన్లు లేని చోట ప్రతిభే గెలుస్తదని సినిమావాళ్లు గర్వంగా చెప్తరు. ఇదీ రిజర్వేషనే. ఆకలిని ఆస్తితో కొనగలిగినోళ్లకు నూటికి నూరు శాతం రిజర్వేషన్. గేటు కాడ వాచ్‌మన్ కులం అడగడు, నిజమే. జీతం లేకపోవుడే వాచ్‌మన్ పని చేస్తది.

దాని ఫలితం తెర మీద కనబడ్తది. 1938లోనే 'మాలపిల్ల' తీసిన పరిశ్రమ ఇది. ఎనభై ఏండ్లు దాటినా ఆ పిల్ల అన్నదమ్ములు కెమెరా వెనుకకు ఎందరు చేరిన్రు? తమిళంల పా. రంజిత్, మారి సెల్వరాజ్ సహాయ దర్శకులుగా పనిచేసి వచ్చినోళ్లే. 2018ల 'పరియేరుం పెరుమాళ్' వచ్చినప్పుడు మన దగ్గర కూడా శెబాష్ అన్నరు. అటువంటి సినిమా తీయగలిగే పిల్లలు మన దగ్గర లేక కాదు. అటువంటోళ్లు మన ఎడిటింగ్ రూముల తెల్లారగట్ల మూడింటికి ఖాళీ కడుపుతోటి కూసున్నరు.

నా నోట్‌బుక్కుల ఒక సీన్ ఉండె. జీతగాడు పెద్దమనిషి ముందట తన జీతం మాట్లాడుకునే సీన్. మా నాయిన మాటలే రాసిన. కథా చర్చల చదివి వినిపించిన. 'ఫ్రెష్‌గా ఉంది' అన్నరు. సినిమా విడుదలైననాడు మా గది దోస్తులు నలుగురు కోచింగ్ ఎగ్గొట్టి, సొంత పైసలతో టికెట్లు కొని, క్రాస్‌రోడ్స్‌ల మొదటి ఆటకు వచ్చిన్రు. టైటిల్స్‌ల నా పేరు పడ్తే ఈల వెయ్యాలని. సహాయ దర్శకుల పేర్లు పడ్డయి, పోయినయి. నా పేరు లేదు. విరామం తర్వాత నా సీన్ వచ్చింది. మా నాయిన మాటలు కమెడియన్ నోట్ల పెట్టిన్రు. మా యాసకే థియేటరంత నవ్వింది. బయటికి వచ్చినంక ఒక దోస్తు నా భుజం మీద చెయ్యేసి, 'చిన్నగ పడ్డదేమోరా, మేం చూసుకోలే' అన్నడు. వాడు అబద్ధం చెప్పిండని నాకు తెలుసు, నాకు తెలుసని వానికీ తెలుసు.

పేరు ఎగ్గొట్టుడు, సీన్ ఎత్తుకునుడు చిన్న విషయాలు కావు. మా తాత కుట్టిన చెప్పుల మీద మా తాత పేరు లేదు. మా నాయిన దున్నిన భూమి మీద మా నాయిన పేరు లేదు. నేను రాసిన సీన్ మీద నా పేరు లేదు. మూడు తరాలల్ల మారింది పనిముట్టే.

ఇప్పటిదాకా వాళ్ల తప్పులు చెప్పిన. ఇప్పుడు నా తప్పు చెప్పాలె. చెప్పకపోతే ఇది రాసే హక్కు నాకు లేదు.

మూడో సినిమాకు నన్ను అసోసియేట్‌ను చేసిన్రు. నెలకు కొంత ఇచ్చుడు మొదలైంది. అప్పుడు మా వాడ నుంచి ఇంటర్ చదివిన పిల్లగాడు ఒకడు సినిమా పిచ్చితోటి నా దగ్గరికి వచ్చిండు. వాళ్లవ్వ నన్ను అడిగింది: 'ఏమన్న ఇస్తరా బిడ్డా?' నేనన్న: 'ముందు పని నేర్చుకోనీ అత్తా.' ఆ మాట నా నోట్ల నుంచే వచ్చింది. బషీర్‌బాగ్ గదిల నాకు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండ. చదువుకున్న మొదటివాడు మొదట నేర్చుకున్నది దొర భాష.

2018ల ఒక రాత్రి శంషాబాద్ దిక్కు షూటింగ్. తెల్లారగట్ల మూడింటికి ప్యాకప్. పొద్దున ఆరింటికి మళ్లా కాల్‌టైం. కార్లు ఎవరికి రావాల్నో వాళ్లకు వచ్చినయి. పిల్లగాడు బైక్ మీద గదికి పోతూ నిద్రల డివైడర్‌కు గుద్దిండు. కాలు రెండు దిక్కుల విరిగింది. సర్కారు దవాఖాన నుంచి ప్రొడక్షన్ మేనేజర్‌కు ఫోన్ చేసిన. 'అతనెవరు? మా లిస్టులో లేడే!' అన్నడు. నిజమే, లేడు. జీతం లేనోడు లిస్టుల ఎట్లుంటడు? పని మీద దెబ్బ తగిలితే పరిహారం ఇయ్యాలని 1923 నుంచీ చట్టం ఉంది. కానీ వాడు పనిల ఉన్నడని చెప్పే కాగితం కావాలె. నేను గట్టిగ మాట్లాడితే నా అసోసియేట్ పని పోతది. మాట్లాడలే. వారం రోజులు షూటింగ్‌కు పోయిన. ఎనిమిదో రోజు పోలే. మళ్లా ఆ దిక్కు ఎన్నడూ పోలే.

ఇది ఒక్క మా పిల్లగాని కథే కాదు. 1997ల హాలీవుడ్‌ల 19 గంటలు పనిచేసి ఇంటికి కారు నడుపుకుంట పోతూ ఒక సహాయ కెమెరామన్ నిద్రల ప్రమాదం జరిగి చనిపోయిండు. అక్కడి పనివాళ్లు 14 గంటలు మించొద్దని వేల సంతకాలు పెట్టిన్రు. 2020 ఫిబ్రవరి 19న చెన్నై దగ్గర 'భారతీయుడు 2' షూటింగ్‌ల క్రేన్ కూలి ముగ్గురు చనిపోయిన్రు. అందుల ఒకరు సహాయ దర్శకుడు. తెర మీద హీరో దూకితే కింద పరుపులు ఉంటయి. క్లాప్ కొట్టేటోని కింద ఏముంటది?

2025 ఆగస్టు 4 నుంచి తెలుగు సినిమా కార్మికులు సమ్మె చేసిన్రు. 18 రోజులు షూటింగులు ఆగినయి. కార్మిక శాఖ కూసోబెట్టి మాట్లాడిస్తే, రోజుకు రెండు వేల లోపు తీసుకునేవాళ్లకు మూడేళ్లల 22.5 శాతం పెంచుతమని ఒప్పుకున్నరు. అది పోరాడి తెచ్చుకున్న హక్కు, వాళ్లకు దండాలు. కానీ లెక్కల టీచర్‌గా ఒక ప్రశ్న. సున్నా మీద 22.5 శాతం ఎంత? కార్డు లేని, లిస్టుల లేని అసిస్టెంట్‌కు ముందు ఒక అంకె కావాలె. శాతం తర్వాత.

2025 జూన్ 14న తెలంగాణ సర్కారు గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చింది. వెట్టి మీద తిరగబడ్డ రైతుల కథ చెప్పిన 'మా భూమి' సినిమాల గొంగడి ఏసుకుని పాడిన గద్దర్ పేరు మీద. సంతోషమే. అయితే ఆ పేరుకు ఒక మర్యాద ఉండాలె గదా. అవార్డుకు పంపే ప్రతి సినిమా తన సహాయ దర్శకుల ఒప్పందాలు, జీతం చెల్లించిన రశీదులు జతచేయాలని ఒక్క నిబంధన పెట్టండి. రాయితీ అడిగే ప్రతి నిర్మాతనూ అవే కాగితాలు అడగండి. కూలి ఎగ్గొట్టి తీసిన సినిమాకు గద్దర్ బొమ్మ ఎట్ల ఇస్తరు?

మేం అడిగేది ఆకాశం కాదు. పనిల చేరక ముందే ఒక్క పేజీ ఒప్పందం. అందుల నెల జీతం, సర్కారు చెప్పిన కనీస వేతనానికి తగ్గకుండ. పని గంటలు. ప్యాకప్‌కూ మళ్లా కాల్‌టైంకూ నడుమ మనిషి నిద్రపోయేంత వ్యవధి, రాత్రి షూటింగ్ నుంచి గదికి బండి. ప్రమాద బీమా. టైటిల్స్‌ల పేరు. రాసిన సీన్‌కు రచనల పేరు. ఇంతే. డైరెక్టరుగార్లూ, మీలో చాలామంది ఒకప్పుడు అసిస్టెంట్లే. మీరు పస్తులున్న కథలు ఇంటర్వ్యూలల్ల ముచ్చటగా చెప్తరు. ఆ పస్తులు మీ తర్వాతివానికి ఎందుకు వారసత్వంగా ఇస్తున్నరో కూడా చెప్పండి. అసిస్టెంట్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటి రోజే జీతం మాట ఎత్తండి. నడుమ పెద్దమనిషిని పెట్టుకోండి. ఈ కాలంల పెద్దమనిషి అంటే సంఘం, చట్టం.

సినిమాల ఉండగా 2017ల వచ్చిన టీఆర్టీ నోటిఫికేషన్ పోగొట్టుకున్న. షెడ్యూల్ నడుమ పోతే అవకాశం పోతదని. మళ్లా టీచర్ పోస్టుల పరీక్ష 2024లనే. 2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంల నియామక పత్రం అందుకున్న. స్టేడియం నుంచి ఆ పాత ఆఫీసు నడిచేంత దూరం. పత్రంల నా పేరు తప్పుల్లేకుండ ఉంది. మా నాయిన దాన్ని చేతిలకు తీసుకుని, చదువు రాకపోయినా కిందామీదా చూసి, 'ఈడ రాసిన్రా జీతం?' అని అడిగిండు.

ఆ రాత్రి కంటిన్యూటీ పుస్తకం నా దగ్గరనే ఉంది. సీన్ నంబరు, షాట్లు, ఎన్నో టేకు ఓకే అయింది, అన్నీ ఆ పిల్లగాని చేతిరాతలనే. అతను ఇప్పుడు కుంటుకుంట నడుస్తడు. ఊళ్లె సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్నడు. లిస్టుల లేని మనిషి ఆ రాత్రి పనిల ఉన్నడని చెప్పే కాగితం లోకంల అదొక్కటే. ఆనాడు తీయవలసింది, తీయలే. ఇప్పుడు ఏ ఆఫీసరు పిలిచినా, ఏ కోర్టు అడిగినా పట్టుకుని వస్త. దాని పక్కన నా సాక్ష్యం కూడా రాసుకోండి.